కంపైలరుకు ఒక తూము

కంపైలరు అనేది మనలో చాలామందికి కరణం గారి దస్తరం లాంటిది. అందులో ఏమి వ్రాసి ఉందో మనకు తెలియదు. ఆయన కుదరదంటే కుదరదు, అంతే. ప్రయోగశాలలో మూడేళ్లుగా దానితో మన సంబంధం కూడా అంతవరకే: తప్పు చేస్తే తిడుతుంది, దిద్దితే ఊరుకుంటుంది. ఆ దస్తరం మూత తీసి చూడవచ్చుననీ, అవసరమైతే అందులో మన మాట కూడా ఒకటి చేర్చవచ్చుననీ నాకు పోయిన దాళ్వాలో తెలిసింది. పుస్తకం చదివి కాదు, ఒక తప్పు చేసి తెలుసుకున్నాను. ముందు ఆ తప్పు చెప్పి తర్వాత పాఠంలోకి వస్తాను.

మాది గోదావరి డెల్టాలో శివారు ఊరు. అనగా కాలువ నీరు అందరికీ అందిన తర్వాత మాకు వస్తుంది. సార్వాకు ఫరవాలేదు గాని, దాళ్వాలో నీటిని వంతులవారీగా వదులుతారు. మా బోదె కింద 12 ఎకరాలు, ఏడుగురు రైతులు. వంతు వచ్చినప్పుడు 24 గంటలు బోదెలో నీరుంటుంది. ఎవరికి ఎన్ని సెంట్లుంటే అన్ని పాళ్లు, నిమిషాల లెక్కన పంచుకోవాలి. వెనక మా తాతగారు పాత క్యాలెండరు కాగితం మీద ఈ లెక్క వేసేవారు. ఆయన పోయాక ఆ పని, కంప్యూటరు చదువుతున్నానని, నా నెత్తిన పడింది.

హాస్కెల్ భాషలో చిన్న ప్రోగ్రాము వ్రాశాను. అందులో ముఖ్యమైన ఫంక్షన్ పేరు 'వంతు' అనుకుందాం. అది మూడు సంఖ్యలు తీసుకుంటుంది: చేను సెంట్లు, మొత్తం నిమిషాలు, మొత్తం సెంట్లు. మొదటి రెండూ గుణించి మూడోదానితో భాగిస్తే ఆ రైతుకు రావలసిన నిమిషాలు వస్తాయి. మా బాబాయికి ఎకరం యాభై సెంట్లు, అంటే 150. దానిని 1440తో గుణించి 1200తో భాగిస్తే 180. మూడు గంటల నీరు.

ప్రోగ్రాము చక్కగా నడుస్తోంది గదా, ఇంకొంచెం అందంగా తిరగరాద్దామని కూర్చున్నాను. అక్కడే వచ్చింది చిక్కు. ఫంక్షన్‌ను పిలిచే చోట రెండో సంఖ్యనూ మూడో సంఖ్యనూ తారుమారు చేశాను. ఇప్పుడు 150ని 1200తో గుణించి 1440తో భాగిస్తోంది. జవాబు 125. ఇది సున్నా అయినా, లక్ష అయినా వెంటనే పట్టుకుని ఉండేవాళ్లం. 125 నిమిషాలంటే నమ్మదగిన సంఖ్యే! పైగా అందరికీ అదే నిష్పత్తిలో తగ్గింది కాబట్టి ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ అన్న తగువు రాలేదు. ఏడుగురి వంతులూ కలిపి 1000 నిమిషాలకే అయిపోయాయి. మిగిలిన 7 గంటల 20 నిమిషాల నీరు రాత్రిపూట మురుగు కాలువలోకి పోయింది.

"ఒరే, నాకు మూడు గంటలు రావాలి గదరా?" అని బాబాయి ఒకసారి అడిగాడు కూడా. "కంప్యూటరు లెక్క బాబాయ్, తప్పు రాదు" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. రెండు వంతులు అట్లాగే గడిచాయి. చేను పొట్ట మీద ఉన్న రోజులు. నూర్పిళ్లప్పుడు బాబాయి చేలో తాలు ఎక్కువ పోయింది. అదంతా నా వల్లనే అని చెప్పలేను, ఎండలు కూడా ముదిరాయి. కాని నా వల్ల కాదనీ చెప్పలేను.

హాస్కెల్ టైపుల విషయంలో చాలా కచ్చితమైన భాష అని పేరు. మరి ఇంత తప్పును ఎలా వదిలింది? ఎందుకంటే నేను సెంట్లు, నిమిషాలు అని రెండు టైపులు పెట్టానని అనుకున్నానేగాని, నిజానికి పెట్టింది రెండు మారుపేర్లు. భాషలో 'టైప్' అనే మాటతో మారుపేరు ఇస్తాం. రెండూ అడుగున దశాంశ సంఖ్యలే, 'డబుల్' అనే టైపు. ఒకే ధాన్యాన్ని రెండు బస్తాల్లో పోసి, బస్తాల మీద రెండు పేర్లు వ్రాసినట్లు. బస్తా మీది పేరు చదువుకునేవాళ్లకే. తూకం వేసేవాడికి లోపలున్నది ధాన్యమే.

ఈ సంగతి మా అధ్యాపకులొకరికి చెపితే ఆయన అరనిమిషంలో మందు చెప్పారు. "మారుపేరు కాదయ్యా, 'న్యూటైప్' వాడు. అప్పుడు సెంట్లు వేరు, నిమిషాలు వేరు. తారుమారు చేస్తే కంపైలరే పట్టుకుంటుంది. నడిచేటప్పుడు అదనపు బరువు కూడా ఉండదు." నిజమే. ఆ రోజే మార్చాను. కాని హాస్టలుకు వచ్చాక ఒక అనుమానం పట్టుకుంది. మారుపేరు పెట్టిన రోజు కూడా జాగ్రత్తపడ్డాననే అనుకున్నాను గదా! రేపు ఇంకో ఫంక్షన్‌లో మరచిపోతే? "ఇక్కడ రెండు ఆర్గ్యుమెంట్లు పక్కపక్కన ఒకే టైపువి ఉన్నాయి, ఇవి తారుమారైతే నేను పట్టుకోలేను" అని కంపైలరే ముందుగా హెచ్చరిస్తే బాగుండును. ఆ సంగతి దానికి తెలుసు. తెలిసినదాన్ని దానిచేత చెప్పించాలి. ఇక్కడి నుంచి అసలు పాఠం.

నేను వాడుతున్న కంపైలరు పేరు జి.హెచ్.సి., గ్లాస్గో హాస్కెల్ కంపైలరు. స్కాట్లండులోని గ్లాస్గో విశ్వవిద్యాలయంలో 1989లో పుట్టింది. తొలి నమూనాను కెవిన్ హామండ్ అనే ఆయన లేజీ ఎం.ఎల్. అనే వేరే భాషలో వ్రాశారు. ఆ ఏడాదే కార్డీలియా హాల్, విల్ పార్టైన్, సైమన్ పేటన్ జోన్స్ దానిని హాస్కెల్‌లోనే మళ్ళీ మొదటి నుంచి వ్రాయసాగారు. ఇది మనకు ముఖ్యం. హాస్కెల్ కంపైలరు హాస్కెల్ ప్రోగ్రామే. మనం సోమవారం వ్రాసే ఫంక్షన్లు, రికార్డులు, డేటా టైపులే దాని కడుపులోనూ ఉంటాయి. భాష వచ్చినవాడు దానిని చదవగలడు. పైగా కంపైలరుతో పాటు దాని లోపలి మాడ్యూళ్లన్నీ 'జి.హెచ్.సి.' అన్న పేరుతోనే ఒక లైబ్రరీగా మన యంత్రంలోకి వస్తాయి. మామూలుగా అది దాగి ఉంటుంది. 'ప్యాకేజ్' అనే ఆప్షనుతో పేరుపెట్టి పిలిస్తేనే కనిపిస్తుంది.

లోపలికి పోవటానికి మూడు దారులున్నాయి. మొదటిది, కంపైలరు మూలాన్నే తెచ్చుకుని దిద్దుకోవటం. మా భాషలో దీనిని గండి కొట్టటం అంటారు. నీరు వస్తుంది, కాని ఆ గట్టు బాధ్యత ఇక జన్మంతా మనదే. రెండోది, మన ప్రోగ్రామే యజమానిగా ఉండి కంపైలరును లైబ్రరీగా పిలవటం. ఒక సెషన్ తెరిచి, ఆప్షన్లు పెట్టి, ఫలానా ఫైలును లోడు చెయ్యి, దాని టైపులు చూపించు అని అడగటం. మనం ఎడిటరులో వ్రాస్తుండగానే తప్పులు చూపించే హాస్కెల్ లాంగ్వేజ్ సర్వర్, లైబ్రరీలకు వివరణ పుటలు తయారుచేసే హాడక్ ఈ దారినే నడుస్తాయి. నేను మొదట దీనినే పట్టుకుని ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను. కంపైలరు తన లైబ్రరీలు ఎక్కడున్నాయో మనల్నే చెప్పమంటుంది. చెప్పకపోతే 'మైనస్ బి' ఆప్షను లేదంటూ ఆగిపోతుంది. కంపైలరునే 'ప్రింట్ లిబ్‌డిర్' అని అడిగితే ఆ చోటు చెపుతుందని తెలిసేసరికి మెస్సు మూసేశారు.

మూడో దారి ప్లగిన్. ఇందులో యజమాని కంపైలరే. తన పని తాను చేసుకుంటూ పోతూ, నియమించిన చోట్ల ఆగి మనల్ని పిలుస్తుంది. గట్టు తెగ్గొట్టకుండా అనుమతి ఉన్నచోట తూము పెట్టుకోవటం అన్నమాట. ఈ తూములు ఒకేసారి రాలేదు. 2011లో వచ్చిన 7.2 వెర్షనులో ఒక చోట, 2015లో 7.10లో టైపుల లెక్కలు తేల్చే చోట, 2018లో 8.6లో మూలపాఠం మీద పనిచేసే చోట్ల, ఇట్లా పెరుగుతూ వచ్చాయి.

తూము ఎక్కడ పెట్టాలి అన్నదే అసలు ప్రశ్న. దీనికి కాలువ ఎట్లా పోతుందో తెలియాలి. మనం వ్రాసిన పాఠం మొదట పార్సరు చేతిలో చెట్టుగా మారుతుంది. అప్పటికి 'సెంట్లు' అన్నది వట్టి అక్షరాల గుంపు. తర్వాత రీనేమరు అనే దశ ప్రతి పేరూ ఏ మాడ్యూలులోని ఏ పేరో తేలుస్తుంది. ఒక పేరే రెండు చోట్ల ఉంటే రెంటికీ వేర్వేరు గుర్తింపు సంఖ్యలు ఇస్తుంది. ఆ తర్వాత టైపుచెకరు. ప్రతి ఫంక్షనుకూ టైపు ఏమిటో ఇక్కడ ఖాయమవుతుంది. ఆ పైన ఇంత పెద్ద భాషనూ కరిగించి 'కోర్' అనే చిన్న భాషలోకి పోస్తారు. ఇది చూసి నాకు ఆశ్చర్యం వేసింది: హాస్కెల్‌లోని హంగులన్నీ కోర్‌లో కేవలం పది రకాల వాక్యాలుగా ఒదిగిపోతాయి. చలరాశి, స్థిర విలువ, ఫంక్షనును వర్తింపజేయటం, లాంబ్డా, లెట్, కేస్, ఇంకో నాలుగు. అంతే! వేగం పెంచే మార్పులు చాలావరకు ఈ కోర్ మీదనే జరుగుతాయి. చివరకు ఎస్.టి.జి., సి-మైనస్-మైనస్ అనే రెండు దశలు దాటి యంత్రభాషకు చేరుతుంది.

కోర్ దగ్గర తూము పెట్టటం మీద వివరణలు ఎక్కువగా దొరుకుతాయి. 2011 నాటి మొదటి తూము అదే. అందుకని నేనూ అక్కడే మొదలుపెట్టి తప్పు చేశాను. కోర్ చేరేసరికి మనం వ్రాసిన ప్రోగ్రాము గుర్తుపట్టలేనట్లు ఉంటుంది. న్యూటైపు కట్టటం, విప్పటం అన్నవి మాయమై 'కాస్ట్' అనే టైపు మార్పు మాత్రం మిగులుతుంది. అదనపు బరువు లేదని మా అధ్యాపకులు అన్నది ఇందుకే. టైపు క్లాసు షరతులు మామూలు ఆర్గ్యుమెంట్లయిపోతాయి. చిన్న ఫంక్షన్లు పిలిచిన చోటనే కలిసిపోతాయి. మనం ఎన్నడూ వ్రాయని డాలరు గుర్తు పేర్లు పుట్టుకొస్తాయి. వేగం కోసం అయితే ఇది మంచి చోటు. మనిషి వ్రాసినదానిలో ప్రమాదం చూపాలంటే మాత్రం ఇక్కడికి వచ్చేసరికి ఆలస్యమైపోయింది. ఒక మాట మాత్రం చెప్పాలి: కోర్‌ను మార్చే ప్లగిన్ వ్రాసేవారు 'డికోర్ లింట్' అనే ఆప్షను తప్పక పెట్టుకోవాలి. అది లష్కరులాగా ప్రతి మార్పు తర్వాతా గట్టు వెంట నడిచి, టైపులు సరిగా ఉన్నాయో లేదో చూస్తుంది. ఆకతాయితనంగా ఒక ఫంక్షను ఆర్గ్యుమెంటు మార్చి చూశాను. వెంటనే పట్టుకుని పేజీల కొద్దీ తిట్టింది.

కాబట్టి నా చోటు టైపుచెకరు ముగిసిన మరుక్షణం. ప్లగిన్ అంటే ఒక మామూలు మాడ్యూలు. అందులో 'ప్లగిన్' అన్న పేరుతో ఒక రికార్డు ఉండాలి. ఏమీ చేయని 'డిఫాల్ట్ ప్లగిన్' రికార్డును కంపైలరే ఇస్తుంది. మనకు కావలసిన అర ఒక్కటి మార్చుకుంటే చాలు. నేను మార్చింది 'టైప్‌చెక్ రిజల్ట్ యాక్షన్' అనే అర. కంపైలరు దానికి ఆ మాడ్యూలు తాలూకు సమస్త వివరాలూ ఉన్న పెద్ద రికార్డు అందిస్తుంది. చూసుకుని, మళ్ళీ దానినే తిరిగి ఇచ్చేయాలి. అందులో టైపు ఎన్విరాన్‌మెంటు అనే పట్టిక ఉంటుంది. దాని నుంచి పైస్థాయి పేర్లన్నీ తీసుకుని, ఒక్కొక్క పేరు టైపు అడిగి, 'స్ప్లిట్ ఫన్ టైస్' అనే ఫంక్షనుతో ఆర్గ్యుమెంట్లు విడదీసి, పక్కపక్కవి పోల్చాలి. అంతా కలిపి నలభై వరుసలు దాటలేదు. ఫంక్షనుకు 'ఏ టైపుకైనా' అన్న మాట గాని, టైపు క్లాసు షరతు గాని ముందు ఉంటే బాణం దాని వెనక దాగుతుంది. ముందు ఆ పొట్టు ఒలవాలి.

పోల్చటం దగ్గర ఆగాను. రెండు టైపులు సమానమా అని రెండు సమాన చిహ్నాలతో అడిగాను. కంపైలరు ఒప్పుకోలేదు. టైపులను అట్లా పోల్చే సౌకర్యం లేదంది. ఇంత పెద్ద కంపైలరు వ్రాసినవాళ్లు ఇంత చిన్న సౌకర్యం మరిచిపోయారా అని విసుక్కుని, అడ్డదారి తొక్కాను. రెండు టైపులనూ అచ్చులోకి మార్చి, ఆ అక్షరాలు పోల్చాను. ప్రోగ్రాము అంగీకరించింది. సంతోషంగా నా పాత వంతుల ప్రోగ్రాము మీద, ఆ తప్పుతో సహా, దానిని వదిలాను.

నాలుగు ఫంక్షన్ల పేర్లు చెప్పింది. 'వంతు' పేరు అందులో లేదు.

రెండుసార్లు నడిపాను. లేదు. ఏ ఫంక్షను వల్ల బాబాయి చేను ఎండిందో, ఏ ఫంక్షను కోసం ఇదంతా మొదలుపెట్టానో, దానిని తప్ప మిగతావన్నీ పట్టుకుంది. కారణం తెలిసినప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. 'వంతు' ఆర్గ్యుమెంట్లు వరుసగా సెంట్లు, నిమిషాలు, సెంట్లు. కంపైలరు మర్యాదకు మనం వ్రాసిన మారుపేర్లను అచ్చులో అట్లాగే ఉంచుతుంది, తప్పు సందేశాలు మనకు అర్థం కావాలని. నేను ఆ అచ్చు పోల్చాను. అంటే ప్రోగ్రాము వ్రాసేటప్పుడు బస్తా మీది పేరు చూసి మోసపోయినవాడినే, ఆ మోసం పట్టుకునే సాధనం వ్రాస్తూ మళ్ళీ బస్తా మీది పేరే చూశాను.

ఆ సమాన చిహ్నాన్ని వాళ్లు మరిచిపోలేదు. కావాలనే పెట్టలేదు. టైపుల సమానత్వం అంటే మారుపేర్లు విప్పి చూడాలి, కట్టుచలరాశుల పేర్లు మారినా పట్టించుకోకూడదు. అందుకోసం 'ఈక్యూ టైప్' అనే ప్రత్యేక ఫంక్షను ఉంది. సమాన చిహ్నం ఉంచితే నాబోటివాళ్లు అర్థం ఆలోచించకుండా వాడతారు. కంపైలరు కాదన్నప్పుడు అది నాతో వాదిస్తున్నదనుకున్నాను. నిజానికి దారి చూపిస్తోంది. ఒక్క మాట మార్చాను. ఈసారి మొదటి వరుసలోనే 'వంతు' వచ్చింది: మూడు ఆర్గ్యుమెంట్లూ డబుల్.

ఇక వెర్షన్ల బాధ కొంత చెప్పాలి. ఇది చేయదలచిన జూనియర్లకు పనికివస్తుంది. ప్రయోగశాలలో ఉన్నది 8.10. నా స్నేహితుడి లాప్‌టాప్‌లో 9.4. అక్కడ నా ప్లగిన్ మొదటి వరుసలోనే కూలింది. 2021లో 9.0 వచ్చినప్పుడు లోపలి మాడ్యూళ్ల పేర్లన్నీ కొత్త క్రమంలో పెట్టారు. 'జి.హెచ్.సి. ప్లగిన్స్' అన్న ఒకే పదం చుక్కతో రెండయింది. అది దిద్దితే, ఆర్గ్యుమెంట్లు విడదీసే ఫంక్షను ఇప్పుడు వట్టి టైపులు ఇవ్వటం లేదు. ప్రతి టైపుకూ ఒక గుణకం తగిలించి ఇస్తోంది. 9.0లోనే లీనియర్ టైపులు వచ్చాయి. ఆర్గ్యుమెంటును సరిగ్గా ఒకసారే వాడాలా, ఎన్నిసార్లైనా వాడవచ్చునా అన్న సంగతి అప్పటి నుంచి ప్రతి బాణం మీదా వ్రాసి ఉంటుంది. ఆ గుణకాన్ని విప్పి టైపు తీసుకోవాలి. హెచ్చరికలు పంపే ఫంక్షన్లు కూడా మారాయి. వట్టి వాక్యంగా పంపేదాన్ని ఇప్పుడు డేటా టైపులో కట్టి పంపాలి.

దీనికి ఎవరినీ తప్పుపట్టలేం. భాషకు ప్రమాణం ఉంది, హాస్కెల్ 98 ఒకటి, హాస్కెల్ 2010 ఒకటి. లోపలి మాడ్యూళ్లకు అటువంటి వాగ్దానం ఏదీ లేదు. భాషలో కొత్త ఊహ వచ్చినప్పుడల్లా లోపల గోడలు కదులుతాయి. అదీగాక, ప్లగిన్‌ను ఏ వెర్షను కంపైలరు నడిపిస్తుందో సరిగ్గా ఆ వెర్షనుతోనే కంపైలు చేసి ఉండాలి. రెండు చోట్లా నడవాలంటే వెర్షను సంఖ్య చూసి దారి మార్చే ఏర్పాటు ఉంది. ఆ మాక్రోలో గ్లాస్గో పేరు ఇప్పటికీ నిలిచి ఉంది, 8.10 అయితే దాని విలువ 810, 9.0 అయితే 900. నా నలభై వరుసలు అరవై దాటింది ఇందువల్లే.

ఇంకొక మెలిక. మామూలుగా ప్లగిన్ పెట్టుకున్న మాడ్యూలును కంపైలరు ప్రతిసారీ మళ్ళీ కంపైలు చేస్తుంది. ప్లగిన్ ఏమి చేస్తుందో దానికి తెలియదు కాబట్టి ఆ అనుమానం న్యాయమే. 'నాది స్వచ్ఛమైన ప్లగిన్' అని ఒక అరలో చెపితే మారని మాడ్యూళ్ల జోలికి పోదు, సమయం మిగులుతుంది. కాని నాది హెచ్చరించే ప్లగిన్. మళ్ళీ కంపైలు చేయకపోతే హెచ్చరిక మళ్ళీ కనిపించదు. నేను నిదానాన్నే ఎంచుకున్నాను.

లోపాలు లేకపోలేదు. ఫంక్షను లోపల 'వేర్' కింద వ్రాసుకున్న చిన్న ఫంక్షన్లు పైస్థాయి పట్టికలో ఉండవు కాబట్టి ఇది వాటిని చూడదు. రెండు సంఖ్యల్లో పెద్దది ఇచ్చే ఫంక్షను మీద కూడా కేకలు వేస్తుంది, అక్కడ తారుమారైనా ప్రమాదం లేదు. అటువంటి పేర్లను ప్లగిన్‌కు ఆప్షనుగా ఇచ్చి మినహాయించాను. ఆ మినహాయింపుల జాబితా పెరిగితే మళ్ళీ మొదటికే వస్తుందని మా అధ్యాపకులు అన్నారు. అందుకు నా దగ్గర జవాబు లేదు. ప్రస్తుతానికి జాబితాలో మూడు పేర్లున్నాయి. కొత్త పేరు చేర్చేముందు కారణం పక్కన వ్రాసుకోవాలని పెట్టుకున్నాను.

వంతుల ప్రోగ్రాములో ఇప్పుడు సెంట్లు, నిమిషాలు రెండూ న్యూటైపులు. ఏడుగురి వంతులూ కలిపితే 1440 రాకపోతే చీటీ అచ్చు కాదు. నిజానికి ఆ కూడిక మొదటి రోజునే పెట్టి ఉంటే ఈ వ్యాసమే ఉండేది కాదు. ఈ ఏడు దాళ్వాకు కొత్త చీటీ తీసుకుని ఇంటికి వెళ్లాను. బాబాయి తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని, క్యాలెండరు కాగితం వెనక తన లెక్క తాను వేసుకోవటం మొదలుపెట్టాడు. నేను పక్కన కూర్చుని సంఖ్యలు చదివి వినిపించాను. 180 వచ్చింది.